గుణుపురం సర్వర్‌లో లాగిన్ మూసుకుపోయిన రాత్రి: ఒక బీఎంసీ కేసు

నేను పర్లాకిమిడిలో ఉంటాను. సర్వర్లు, నెట్‌వర్క్, సీసీ కెమెరాలు, పిలిచినవాళ్లకి ఏది కావాలంటే ఆ పని చేస్తాను. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్ర. ఇటు కాశీనగరం, గుణుపురం దాకా ఒడిశా. ఈ పట్టీలో ఏ ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడినా ఒడియా, తెలుగు, సవర మూడూ చెవిన పడతాయి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఈ ఊళ్లో ఉండే కాబట్టి ఈ కేసుని కూడా మేం ఫోన్లో మాట్లాడుకునే తెలుగులోనే రాస్తున్నాను. బీఎంసీల (సర్వర్‌ని దూరం నుంచి చూసుకోవడానికి దాని బోర్డు మీదే ఉండే చిన్న కంప్యూటర్ల) గురించి మన భాషలో దొరికేది చాలా తక్కువ. నాలాగా ఒక్కళ్లే నాలుగైదు చిన్న సైట్లు చూసుకునేవాళ్లకి ఏదో ఒక అర్ధరాత్రి ఇది పనికొస్తుందని నా ఆశ.

గుణుపురం వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉంది. పేషెంట్ రిజిస్ట్రేషన్, ల్యాబ్ రిపోర్టులు, మందుల బిల్లింగ్ అన్నీ ఒకే సర్వర్ మీద నడుస్తాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో చెట్లు పడి, కొండ చరియలు జారి దారులు మూసుకుపోయాయి. అప్పటి పాత సర్వర్ ఆగిపోతే పవర్ బటన్ నొక్కడానికి కూడా నేను వెళ్లలేకపోయాను. ఆ తర్వాత కొత్తది కొనేటప్పుడు నేను పట్టుబట్టి అడిగింది ఒక్కటే, దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసుకునే బీఎంసీ ఉన్న బోర్డు. డాక్టరు గారు ఎక్కువ ప్రశ్నలు వేయకుండా ఒప్పుకున్నారు, తిత్లీ ఆయనకీ గుర్తుంది.

బీఎంసీ అంటే బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్. సర్వర్ మదర్‌బోర్డు మీదే విడిగా కూర్చున్న ఇంకో చిన్న కంప్యూటర్ అనుకోండి. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్గులో కరెంటు ఉంటే చాలు, స్టాండ్‌బై కరెంటు మీద ఇది నడుస్తూనే ఉంటుంది. సొంత ప్రాసెసర్, సొంత లినక్స్, సొంత ఐపీ అడ్రసు. మా బోర్డు మీద ఉన్నది ఏస్పీడ్ ఏఎస్‌టీ2500 చిప్పు: 800 మెగాహెర్ట్జ్ ఏఆర్ఎం11 కోర్ ఒక్కటే, పక్కన 512 ఎంబీ మెమరీ, ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) మొత్తం 32 ఎంబీ ఫ్లాష్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, సర్దుకుంటుంది. మీ జేబులో ఉన్న ఫోన్ దీనికంటే ఎన్నో రెట్లు బలమైనది. ఈ అంకెలు గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

ఫర్మ్‌వేర్ ఓపెన్‌బీఎంసీ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మీద బోర్డు తయారీదారు కట్టుకున్నది. అందులో వెబ్ పేజీ చూపించడం, రెడ్‌ఫిష్ ప్రశ్నలకి జవాబివ్వడం, బ్రౌజర్లో సర్వర్ స్క్రీన్‌ని తెచ్చి పెట్టడం, ఈ పనులన్నీ చేసేది బీఎంసీవెబ్ అనే ఒకే ప్రోగ్రామ్. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన చిన్న వెబ్ సర్వర్ ఇది. సెన్సర్ల లెక్కలేవీ తన దగ్గర దాచుకోదు. మీరు వోల్టేజీ ఎంత అని అడిగితే అది డీ-బస్ (లోపలి ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) మీద సంబంధిత సర్వీసుని అడుగుతుంది, జవాబు వస్తే జేసన్ (డేటాని అక్షరాల్లో రాసే ఒక పద్ధతి)గా కట్టి మీకు పంపుతుంది. రెడ్‌ఫిష్ అంటే డీఎంటీఎఫ్ అనే స్టాండర్డ్స్ సంస్థ 2015లో తెచ్చిన పద్ధతి. ఇదే పనికి 1998 నుంచి ఉన్న ఐపీఎంఐ అనే పాత పద్ధతి స్థానంలో మామూలు హెచ్‌టీటీపీఎస్, మామూలు జేసన్‌తో పని జరుగుతుంది.

ఐపీఎంఐని నేను మొదటి రోజే మూసేశాను. దాని 2.0 వెర్షన్ లాగిన్ పద్ధతిలోనే లోపం ఉంది, భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2013-4786. యూజర్ పేరు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్‌తో చేసిన హ్యాష్‌ని (పాస్‌వర్డ్ నుంచి లెక్కకట్టిన గుర్తుని) లాగిన్ పూర్తికాకముందే బీఎంసీ తనంతట తానే ఇచ్చేస్తుంది, దాన్ని తీసుకెళ్లి తీరిగ్గా విరగ్గొట్టుకోవచ్చు. స్టాండర్డే అలా రాసి ఉంది కాబట్టి ప్యాచ్ వేసి సరిచేసేది కాదు. ఐపీఎంఐ వాడే నెట్‌వర్క్ పోర్టు, యూడీపీ 623, మూసేయడమే దారి. అలాగే రెడ్‌ఫిష్‌లో ప్రతి ప్రశ్నతో యూజర్, పాస్‌వర్డ్ పంపే బేసిక్ ఆథ్‌ని కూడా ఆపేశాను. ఈ రెండూ సరైన పనులే అని ఇప్పటికీ అంటాను. కానీ వీటివల్ల వెబ్ పేజీకి, రెడ్‌ఫిష్‌కి నాకు వెబ్ సెషన్ (ఒకసారి లాగిన్ అయ్యాక లాగౌట్ దాకా ఉండే గుర్తింపు) తప్ప వేరే తలుపు మిగల్లేదు.

దసరా వెళ్లాక ఒక అల్పపీడనం పట్టింది. రాత్రి పదకొండు దాటాక సిస్టర్ గారి ఫోన్. "బాబూ, కౌంటర్లో కంప్యూటర్లన్నీ గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయాయి. ల్యాబ్ రిపోర్టు తెరుచుకోవట్లేదు. పైన డెలివరీ కేసు ఉంది, బ్లడ్ గ్రూపు కావాలంటున్నారు." నేను చెప్పిన మొదటి మాట, "అమ్మా, ముందు ల్యాబ్ కుర్రాడి చేత కాగితం రిజిస్టర్ తీయించండి, అందులో ఉంటుంది, నేను ఈలోగా చూస్తాను." ఆ రిజిస్టర్ రాయడం మానొద్దని నేను గొడవ చేసి మరీ ఉంచాను, ఆ రాత్రి అక్కరకొచ్చింది.

వీపీఎన్ (ఆసుపత్రి నెట్‌వర్క్‌లోకి దూరం నుంచి వెళ్లే భద్రమైన దారి) కలిసింది, రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి. అసలు సర్వర్‌కి పింగ్ లేదు, అంటే పలకరిస్తే జవాబు లేదు. బీఎంసీకి పింగ్ ఉంది. హమ్మయ్య అనుకుని బ్రౌజర్లో పేజీ తెరిచాను. మామూలుగా అర సెకనులో వచ్చే పేజీ ఐదారు సెకన్లు తీసుకుంది. పాస్‌వర్డ్ కొడితే చక్రం తిరిగి తిరిగి లాగిన్ కుదరదంది. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో చూస్తే జవాబు 503 (ఇప్పుడు సేవ అందించలేననే వెబ్ కోడ్), లోపల సెషన్ లిమిట్ ఎక్సీడెడ్ అనే రెడ్‌ఫిష్ సందేశం. అంటే పాస్‌వర్డ్ తప్పు కాదు, లోపల కుర్చీలు ఖాళీ లేవు. నేను తప్ప ఎవరూ లాగిన్ అవ్వని బీఎంసీలో కుర్చీలన్నీ ఎవరు ఆక్రమించారు? నిజం చెప్తున్నాను, మొదట నాకు తట్టింది ఎవరో లోపలికి దూరారనే. చేతులు చల్లబడ్డాయి.

ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు కొట్టే దారి) వేరే ప్రోగ్రామ్, దానికి ఈ లిమిట్‌తో సంబంధం లేదు, నా కీ పెట్టి ఉంది. లోపలికి వెళ్లి, ఏ ప్రోగ్రామ్ ఎంత ప్రాసెసర్ వాడుతోందో చూపే టాప్ కమాండ్ కొడితే ఉన్న ఒక్క కోర్‌లో చాలా భాగం బీఎంసీవెబ్ తింటోంది. మనందరి చేతికీ అలవాటైన పని నేనూ చేశాను, సర్వీసుని రీస్టార్ట్ చేశాను. మళ్లీ బ్రౌజర్. మళ్లీ 503. ఇంకోసారి రీస్టార్ట్. అదే 503.

ఇక్కడ కాసేపు ఆగి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో నాకు తెలియని అసలు విషయం ఇదే. బీఎంసీవెబ్ సెషన్లు మెమరీలో మాత్రమే ఉండవు. రీస్టార్ట్ అయినా వాడుతున్నవాళ్లు బయటికి పడిపోకూడదని వాటిని ఫ్లాష్‌లో ఒక జేసన్ ఫైల్లో రాసి పెడుతుంది, లేవగానే మళ్లీ చదువుకుంటుంది. అంతే కాదు, చదువుకున్నప్పుడు ఒక్కో సెషన్ ఖాళీగా ఉన్న సమయాన్ని మళ్లీ సున్నా నుంచి లెక్కపెడుతుంది. ప్రస్తుతానికి ఇంతే, గడియారం లెక్కలు చిక్కుగా ఉన్నాయి అని రాసినవాళ్లే సోర్సు కోడ్ వ్యాఖ్యలో చెప్పుకున్నారు. మా ఫర్మ్‌వేర్‌లో ఖాళీగా ఉన్న సెషన్ 30 నిమిషాలకి పోతుంది. అంటే 29 నిమిషాలు గడిచి ఇంకో నిమిషంలో చచ్చిపోవాల్సిన సెషన్‌కి కూడా నేను రీస్టార్ట్ చేసి మళ్లీ పూర్తిగా 30 నిమిషాల ఆయుష్షు పోశాను. రెండుసార్లు. వెళ్లి సర్వర్ ప్లగ్గు పీకి పెట్టినా ఇదే జరిగేది, ఫైలు ఫ్లాష్‌లో ఉంది కదా.

ఆ ఫైలు తెరిచాను. ఒకదాని కింద ఒకటి సెషన్లు, ఒక్కోదానికి ఐడీ, టోకెన్ (లాగిన్ అయినట్టు ఇచ్చే రహస్య గుర్తు), యూజర్ పేరు, వచ్చిన ఐపీ అడ్రసు. పై నుంచి కిందికి చూసుకుంటూ పోయాను. యూజర్ పేరు అన్నింటిలో ఒకటే, మానిటర్. ఐపీ అన్నింటిలో ఒకటే. ఆ ఐపీ నాకు కంఠతా వచ్చు, పర్లాకిమిడిలో నా ఆఫీసు గదిలో, నేను కూర్చున్న బల్ల కింద ఉన్న, సర్వర్ల పరిస్థితి కనిపెట్టుకునే మానిటరింగ్ పెట్టెది. దాని ఫ్యాన్ చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

అక్కడి నుంచి పని త్వరగా అయింది. ముందు బల్ల కింద పెట్టెలో, బీఎంసీని మాటిమాటికీ అడిగే స్క్రిప్ట్ ఆపాను. తర్వాత బీఎంసీలో బీఎంసీవెబ్ సర్వీసు ఆపాలి, అయితే ఒక్క సర్వీసుని ఆపితే చాలదు, సర్వీసులని నడిపే సిస్టమ్‌డీ తాలూకు సాకెట్ దాని తరఫున పోర్టు పట్టుకుని కూర్చుంటుంది, కొత్త కనెక్షన్ రాగానే మళ్లీ లేపేస్తుంది. కాబట్టి సాకెట్‌ని ముందు ఆపి, సర్వీసుని తర్వాత ఆపాను. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఫైలు మార్చితే అది తన లెక్క మీద మళ్లీ రాసేస్తుంది, అందుకే పూర్తిగా ఆగిందని చూసుకున్నాకే ఫైలుకి కాపీ తీసి సెషన్ల భాగం ఖాళీ చేశాను. మళ్లీ మొదలుపెట్టాను. లాగిన్ అయింది. సర్వర్ స్క్రీన్ తెరిస్తే డిస్క్ కంట్రోలర్ రీసెట్ అయినట్టు ఎర్రర్లు, కింద కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన భాగం) ఆగిపోయి ఉంది. బీఎంసీ జర్నల్ (ఎప్పుడేం జరిగిందో రాసుకునే చిట్టా) మా బోర్డులో మెమరీలోనే ఉంటుంది, రీబూట్ అయితే పోతుంది, కాబట్టి దాన్ని నా దగ్గరికి కాపీ చేసుకుని అప్పుడు సర్వర్‌కి ఫోర్స్ రీస్టార్ట్ ఇచ్చాను. పదినిమిషాలకి సిస్టర్ గారు ఫోన్ చేసి "వచ్చింది బాబూ" అన్నారు. డెలివరీ కూడా బాగా అయిందని తెల్లారాక తెలిసింది.

మర్నాడు బోర్డు అమ్మినవాళ్ల సర్వీసు ఇంజనీరుకి చెప్తే పూర్తిగా వినకుండానే బీఎంసీ పోయింది, బోర్డు మార్చాలి అన్నాడు. కారణం తెలియకుండా ఆసుపత్రి డబ్బు ఖర్చు పెట్టించడం నాకు ఇష్టం లేదు. జర్నల్ ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను.

ఆ స్క్రిప్ట్ రాసింది నేనే. ప్రతి 30 సెకన్లకి ఒకసారి బీఎంసీలోకి లాగిన్ అవుతుంది, ఉష్ణోగ్రతలు, ఫ్యాన్లు, పవర్ సప్లై లెక్కలు తీసుకుంటుంది, వెళ్లిపోతుంది. వెళ్లిపోయేటప్పుడు లాగౌట్ చెప్పదు. రెడ్‌ఫిష్‌లో లాగిన్ అంటే సెషన్స్ అడ్రసుకి ఒక పోస్ట్ పంపడం, జవాబులో టోకెన్‌తో పాటు ఆ సెషన్‌ అడ్రసు కూడా వస్తుంది, పని అయ్యాక ఆ అడ్రసుకి డిలీట్ పంపాలి. నేను పంపలేదు. ఎలాగూ 30 నిమిషాలకి అదే పోతుంది కదా అనుకున్నాను. లెక్క వేయండి: నిమిషానికి రెండు లాగిన్లు, ఒక్కోటి 30 నిమిషాలు బతుకుతుంది, ఏ క్షణంలో చూసినా 60 సెషన్లు. మా బోర్డు తయారీదారు పెట్టిన హద్దు 64. రెండేళ్లుగా నేను ఆ అంచు మీద నాలుగు కుర్చీల దూరంలో నడిచాను. నేను బ్రౌజర్లో లాగిన్ అయినా 61, అందుకే ఏనాడూ అనుమానం రాలేదు.

ఆ రాత్రి వోల్టేజీ ఎగిరిపడుతోంది. రెండు పవర్ సప్లైలలో ఒకటి అప్పటికే అరిగి ఉంది, కరెంటు అల్లాడినప్పుడల్లా అది తన లెక్కలు చెప్పడానికి మొరాయించేది. పవర్ సప్లైతో మాట్లాడేది బోర్డులోని చిప్పులు మాట్లాడుకునే నెమ్మదైన ఐ2సీ తీగల మీద. అక్కడ జవాబు ఆగితే సెన్సర్ సర్వీసు ఆగుతుంది, అది ఆగితే డీ-బస్ మీద బీఎంసీవెబ్ ఎదురుచూస్తుంది, మామూలుగా 25 సెకన్ల దాకా. నా స్క్రిప్ట్‌కి అంత ఓపిక లేదు, 10 సెకన్లకే వదిలేసి మళ్లీ మొదటి నుంచి ప్రయత్నిస్తుంది, మూడుసార్లు. మొదటి నుంచి అంటే మళ్లీ కొత్త లాగిన్‌తో. 30 సెకన్లకి ఒక సెషన్ ఖర్చయ్యే చోట మూడు ఖర్చవడం మొదలైంది. మిగిలిన నాలుగు కుర్చీలు నిండడానికి ఒకటిన్నర నిమిషం కూడా పట్టి ఉండదు. ఆ తర్వాత పాత సెషన్ ఒకటి పోయి చోటు ఖాళీ అయినా, బ్రౌజర్లో చేత్తో పాస్‌వర్డ్ కొట్టే నాకంటే ముందు స్క్రిప్టే దాన్ని పట్టేసేది. నేను అరగంట ఓపిగ్గా కూర్చున్నా లోపలికి వెళ్లగలిగేవాణ్ని కాను.

పేజీ ఐదారు సెకన్లు ఎందుకు పట్టిందో కూడా ఇందులోనే ఉంది. ప్రతి కొత్త కనెక్షన్‌కీ టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్ (రహస్యంగా మాట్లాడుకోవడానికి రెండు వైపులా చేసుకునే ఒప్పందం) జరగాలి, ఆ గూఢలిపి లెక్కలు మన ల్యాప్‌టాప్‌కి ఏ మూలకీ రావు, 800 మెగాహెర్ట్జ్ ఏఆర్ఎం11కి మాత్రం అది బరువే. ప్రతి కొత్త లాగిన్‌కీ పాస్‌వర్డ్ హ్యాష్ సరిచూడాలి, ఆ హ్యాష్ కావాలనే నెమ్మదిగా నడిచేలా తయారుచేసినది. అసలు సెన్సర్ చదవడానికయ్యే శ్రమకంటే తలుపు తీయడానికి, మూయడానికి నేను దానిచేత ఎక్కువ చాకిరీ చేయించాను. వెబ్ సర్వర్ అనగానే డేటా సెంటర్లో కూర్చుని వేలమందికి జవాబు చెప్పే యంత్రం మన మనసులో మెదులుతుంది, స్క్రిప్ట్ రాసేటప్పుడు నా మనసులోనూ అదే ఉంది. బీఎంసీలో ఉన్నది అది కాదు.

స్క్రిప్ట్ మొత్తం తిరగరాశాను. ఇప్పుడు మొదలైనప్పుడు ఒక్కసారే లాగిన్ అవుతుంది, ఆ టోకెన్‌నే వాడుకుంటూ పోతుంది, కనెక్షన్ కూడా తెరిచే ఉంచుతుంది. ఐదు నిమిషాలకి ఒకసారి మాత్రమే అడుగుతుంది, వాడుతున్నంతసేపూ సెషన్ బతికే ఉంటుంది కాబట్టి 30 నిమిషాల టైమౌట్‌తో బాధ లేదు. 401 (లాగిన్ చెల్లదనే కోడ్) వస్తేనే మళ్లీ లాగిన్. 503 వస్తే లాగిన్ జోలికి వెళ్లదు, నిమిషం ఆగుతుంది, మళ్లీ వస్తే రెండు నిమిషాలు, తర్వాత నాలుగు, అలా అరగంట దాకా పెంచుకుంటూ పోతుంది. టైమౌట్ 10 నుంచి 40 సెకన్లకి పెంచాను, డీ-బస్ 25 సెకన్లకి చేతులెత్తేసి ఎర్రర్ పంపేదాకా ఆగితే కనీసం ఏ సెన్సర్ ఇబ్బంది పెడుతోందో తెలుస్తుంది. స్క్రిప్ట్ ఏ కారణంతో ఆగినా, నేను ఆపినా, తప్పు వచ్చి పడిపోయినా, చివరి పనిగా డిలీట్ పంపి పోతుంది. ఇంకోటి, ముందు రెడ్‌ఫిష్ చెట్టు మొత్తం తిరిగి అన్నీ తెచ్చేవాణ్ని, ఇప్పుడు నాకు కావాల్సిన రెండు అడ్రసులే.

ఏదైనా జరిగితే బీఎంసీయే చెప్పేలా రెడ్‌ఫిష్‌లో ఈవెంట్ సబ్‌స్క్రిప్షన్ ఉంది, అదీ పెట్టాను. పవర్ సప్లై మొరాయిస్తే కబురు దానంతట అదే వస్తుంది, నేను మాటిమాటికీ అడగక్కర్లేదు. అయితే నెట్ పోయిన రోజు కబురు కూడా రాదు, ఏమీ జరగలేదా లేక చెప్పలేకపోతోందా అన్నది తెలియదు. అందుకే ఐదు నిమిషాల పలకరింపు పూర్తిగా తీసేయలేదు.

అరిగిన పవర్ సప్లైని మార్పించాను. బోర్డు అదే. సర్వీసు ఇంజనీరుకి జర్నల్, లెక్కలు పంపితే ఆయన కూడా ఒప్పుకున్నాడు. సెషన్ల హద్దు పేజీలో ఎక్కడైనా కనిపించేలా చేయమని అడిగాను, ఇంకా ఏమీ తేలలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఆయన నన్ను ఆ జేసన్ ఫైలు కూడా పంపమన్నాడు. అందులో టోకెన్లు దాచిపెట్టకుండా ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, బతికున్న టోకెన్ చేతికొస్తే పాస్‌వర్డ్ అక్కర్లేదు. టోకెన్లు తీసేసి పంపాను, మీరూ అలాగే చేయండి.

ఇంత గొడవ అయ్యాక కొందరు మిత్రులు బీఎంసీని నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టేస్తే వీపీఎన్ బాధ కూడా ఉండదుగా అన్నారు. దయచేసి ఆ పని చేయకండి. 2018లో లైటీటీపీడీ అనే చిన్న వెబ్ సర్వర్‌లో ఒక లోపాన్ని సీవీఈ నంబరు లేకుండానే సరిచేశారు. నంబరు లేకపోవడంతో ఆ సంగతి చాలామంది బీఎంసీ ఫర్మ్‌వేర్ కట్టేవాళ్ల దాకా చేరలేదు, పాత కోడ్ ఇంకా అమ్మిన సర్వర్లలో తిరుగుతోందని 2024లో బయటపడింది. ఇంకో విస్తారంగా వాడే బీఎంసీ ఫర్మ్‌వేర్‌లో పాస్‌వర్డే లేకుండా లోపలికి వెళ్లగలిగే సీవీఈ-2024-54085ని నిజంగా దాడులకి వాడుతున్నారని 2025 జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా తన జాబితాలో చేర్చింది. బీఎంసీ చేతికొచ్చినవాడికి సర్వర్ పవర్ బటన్, కీబోర్డు, స్క్రీన్ చేతికొచ్చినట్టే. నాది వేరే వీలాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్ భాగంలో) ఉంది, వీపీఎన్ దాటితే తప్ప కనపడదు. ఓపెన్‌బీఎంసీ డీఫాల్ట్ రూట్ పాస్‌వర్డ్ లోకానికంతా తెలుసు, ఓ అక్షరం బదులు సున్నా పెట్టి ప్రాజెక్టు పేరే రాసి ఉంటుంది. మీ బోర్డులో అది ఇంకా అలాగే ఉంటే ఇది చదవడం ఆపి ముందు దాన్ని మార్చండి.

ఎస్‌ఎస్‌హెచ్ కీని ఒక్క నా ల్యాప్‌టాప్‌లోనే కాకుండా ఇంకో పెన్‌డ్రైవ్‌లో లాక్ చేసి డాక్టరు గారి బీరువాలో పెట్టించాను. సెషన్లు ఎలా ఖాళీ చేయాలో ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే కుర్రాడికి రెండుసార్లు దగ్గరుండి చేయించాను, మూడోసారి అతనే చేశాడు. సాకెట్ ముందు, సర్వీసు తర్వాత, ఆ వరస అతను తన నోటుబుక్కులో ఒడియాలో రాసుకున్నాడు.

నవంబర్‌లో మళ్లీ ఒక రాత్రి వంశధార వైపు ఈదురుగాలి, కరెంటు పోతూ వస్తూ ఉంది. సిస్టర్ గారు ఫోన్ చేయకముందే నేను వీపీఎన్‌లోకి వెళ్లాను. పేజీ వెంటనే తెరుచుకుంది. రెండు పవర్ సప్లైలూ లెక్క చెప్తున్నాయి. సెషన్ల జాబితా తీశాను. రెండే ఉన్నాయి, స్క్రిప్ట్‌ది ఒకటి, నాది ఒకటి. నాది లాగౌట్ చేసి పడుకున్నాను.